పదేండ్లు వేసుకోండి సార్



బళ్లారి కంటోన్మెంట్‌లో విమ్స్ అని జనం పిలిచే పెద్దాసుపత్రి గేటు ముందు కాసేపు నిలబడితే చాలు, రెండు రాష్ట్రాల మాట చెవిన పడుతుంది. సిరుగుప్ప కన్నడం, ఆలూరు తెలుగు, రాయదుర్గం తెలుగు, రెండూ కలిసిన బళ్లారి మాట. ఆ మాటల్లో ఈమధ్య తరచుగా వినబడే ప్రశ్న ఒకటుంది. "ఈ గనుల దుమ్ముకేనంట, చిన్న పిల్లోళ్లకు కూడా క్యాన్సర్ వస్తాండేది. నిజమేనా?" ఇంకొకరు జీన్స్ బట్టలకు వేసే రంగునీళ్లు అంటారు. మరొకరు మిరపతోటల్లో కొట్టే మందు అంటారు. సెల్ టవర్ ఎలాగూ ఉంది.

నన్నడిగితే నేనిచ్చే జవాబు ఎవరికీ నచ్చదు. సండూరు, తోరణగల్లు చుట్టుపక్కల పల్లెల్లో ఏటా ఎంతమంది పిల్లలకు, ఏ వయసులో, ఏ రకం క్యాన్సర్ వచ్చిందో పదేళ్ల వరుస లెక్క నా ముందు పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం అంటాను. తప్పించుకుంటున్నాడనుకుంటారు. కానీ ఇలాంటి ప్రశ్నే ఇంగ్లండులో ఒక ఊళ్లో పుట్టింది. అక్కడేం జరిగిందో వినండి.

సీస్కేల్ అని సముద్రం ఒడ్డున చిన్న ఊరు. పక్కనే సెల్లాఫీల్డ్ అణుకేంద్రం. ఆ ఊరి పిల్లలకు రక్తపు క్యాన్సర్ మామూలు కంటే ఎక్కువగా వస్తోందని 1983లో ఒక టీవీ కార్యక్రమం చెప్పింది. దేశమంతా గగ్గోలు. ప్రభుత్వం సర్ డగ్లస్ బ్లాక్ అనే పెద్ద డాక్టరు ఆధ్వర్యంలో కమిటీ వేసింది. 1984లో ఆ కమిటీ, అవును, అక్కడ కేసులు ఎక్కువే అని తేల్చింది. అంత తొందరగా ఎలా తేల్చగలిగింది? పిల్లల క్యాన్సర్‌లకు ఆ దేశంలో విడిగా ఒక రిజిస్టరు 1962 నుంచీ నడుస్తూ ఉండేది కాబట్టి. ఏ పిల్లాడు, ఏ ఊరు, ఏ తేదీ, ముక్క పరీక్షలో (బయాప్సీలో) ఏం తేలింది, అన్నీ అందులో ఉన్నాయి. కారణం అణుధూళేనా అన్న వాదన మాత్రం ఆ తర్వాత దశాబ్దాలు సాగింది. లియో కిన్లెన్ అనే పరిశోధకుడు 1988లో మరో ఊహ చెప్పాడు. మారుమూల చోటికి బయటి జనం ఒక్కసారిగా వచ్చిపడి కలిసిపోయినప్పుడు, ఏదో తెలియని అంటు సోకి అరుదుగా ఇలా జరుగుతుందేమో అన్నాడు. ఉక్కు ఫ్యాక్టరీ వచ్చాక తోరణగల్లు ఎలా నిండిపోయిందో చూసినవాళ్లకు ఆ ఊహ ఎంత దగ్గరగా తగులుతుందో చెప్పక్కర్లేదు. అది ఊహే సుమా. కానీ ఊహను నిలబెట్టాలన్నా పడగొట్టాలన్నా లెక్క ఉండాలి, ఆ లెక్క సరిగ్గా ఉండాలి.

సరిగ్గా అంటే ఎంత సరిగ్గా? చిన్న గుణకారం చేద్దాం. పదిహేనేళ్లు నిండని పిల్లల్లో క్యాన్సర్, బాగా లెక్క పెట్టగలిగిన దేశాలన్నీ కలిపి చూస్తే, ఏటా పది లక్షల మందికి సుమారు 140. విజయనగర జిల్లా విడిపోక ముందు, 2011 జనాభా లెక్కల్లో, బళ్లారి జిల్లా జనాభా ఇరవై నాలుగున్నర లక్షలు. అందులో పిల్లలు ఏడు లక్షలనుకుందాం. ఏడు లక్షలకు ఏడాదికి దాదాపు వంద మంది. మొత్తం జిల్లాకు వంద. పెద్దవాళ్ల క్యాన్సర్‌లో పది కేసులు రాయడం మరిచిపోతే ఆ తేడా పెద్ద సంఖ్యల్లో కలిసిపోతుంది. ఇక్కడ పది పోతే పదోవంతు పోయినట్టే. పైగా ఈ వందలో రక్తపువి, మెదడువి, కంటివి, మూత్రపిండాలవి, ఎముకలవి అని విడదీస్తే కొన్ని రకాలకు ఏడాదికి ఒకటో రెండో మిగులుతాయి. ఆ ఒక్క కేసు తప్పుగా రాస్తే ఆ జిల్లాలో ఆ ఏడాది ఆ జబ్బు లేనట్టే.

ఈ తప్పు కంప్యూటర్లో పుడుతుందనుకుంటాం. పుట్టేది ఓపీ చీటీ రాసే కౌంటరు దగ్గర. ఏ ఊరి ఆసుపత్రి అని కాదు, ఎక్కడైనా ఇంతే. తెల్లారుజామున బస్సు దిగి వచ్చిన తండ్రి వరసలో నిలబడ్డాడు. వెనక యాభై మంది.

"పేరేంటి?"

"ఎర్రిస్వామి సార్."

"వయసు?"

"పదేండ్లు వేసుకోండి సార్."

"ఊరు?"

"ఈడ్నే సార్, కౌల్ బజార్లో మా చిన్నాయన ఇంట్లో దిగినాం."

మూడు ప్రశ్నలు, మూడు జవాబులు, అర నిమిషం. తండ్రి అబద్ధం ఆడలేదు, గుమాస్తా తప్పు రాయలేదు. అయినా మూడు చోట్లా లెక్క చెడింది.

ముందు పేరు సంగతి. చెళ్లగురికి ఎర్రితాత పుణ్యమా అని ఈ సీమలో ఎర్రిస్వామి లేని వీధి ఉండదు. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక గుమాస్తా Y అక్షరంతో మొదలుపెడతాడు, ఇంకొకడు E అక్షరంతో. ఒకడు చివర Y, ఇంకొకడు I. ఆంధ్రా వైపు ఆసుపత్రి ఇంటిపేరు ముందు రాస్తుంది, ఇటువైపు తండ్రి పేరులో మొదటి అక్షరం రాస్తారు. ఈ పిల్లాడు ఇక్కడ చూపించుకుని, హంపీ ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రికి పోయి, అక్కడ నచ్చకో డబ్బు చాలకో హైదరాబాదు ఎంఎన్‌జే ఆసుపత్రికి పోయాడనుకోండి. మూడు పుస్తకాల్లో మూడు పేర్లతో ముగ్గురు పిల్లలవుతాడు. లేదా ఇంకో ఆసుపత్రివాళ్లు రాసే ఉంటారులే అని ఎవరూ రాయక, ఏ లెక్కలోనూ లేకుండా పోతాడు. రాష్ట్రం సరిహద్దు మీద బతికే మనకు ఈ రెండోది ఎక్కువ జరిగే ప్రమాదం ఉంది.

వయసు సంగతి ఇంకా లోతైనది. వాడికి నిజానికి తొమ్మిదేళ్లు నిండి ఆరు నెలలు. "పదేండ్లు వేసుకోండి" అన్నాడు తండ్రి, మనందరం అనే మాటే. పిల్లల్లో ఎక్కువగా వచ్చే క్యాన్సర్ రక్తపు క్యాన్సర్, అందులోనూ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా. దీని వైద్యంలో పిల్లలను మామూలు ప్రమాదం వర్గం, ఎక్కువ ప్రమాదం వర్గం అని విడదీయడానికి చాలాకాలంగా వాడుతున్న గీతల్లో ఒకటి పదేళ్ల వయసు. ఏడాది నుంచి పదేళ్ల లోపువాడై, తెల్లకణాలు యాభై వేల లోపు ఉంటే ఒక దారి. పది నిండితే ఇంకో దారి, మరింత ఘాటైన మందులు. మంచి డాక్టరు మళ్లీ అడిగి సరిచేసుకుంటాడు, చికిత్స దగ్గర తప్పు జరగకపోవచ్చు. కానీ ఐదేళ్ల తర్వాత ఆ కాగితాలు ముందేసుకుని, ఏ వర్గం పిల్లలు ఎంతమంది బతికారని పరిశోధన చేసేవాడికి కనబడేది చీటీ మీది పది. మన రికార్డుల్లో ఐదు, పది, పదిహేను వయసులవాళ్లు గుంపుగా ఎందుకుంటారో జనాభా లెక్కలవాళ్లకు ఎప్పుడో తెలుసు. బడి సర్టిఫికెట్టో జనన ధ్రువపత్రమో చూసి పుట్టిన తేదీ రాస్తే పోయేదానికి, వయసు అని ఒక గడి పెట్టి వదిలేస్తున్నాం.

ఇక ఊరు. జనాభా మొత్తాన్ని లెక్కించే క్యాన్సర్ రిజిస్ట్రీలకు మన దేశంలో ఒక నియమం ఉంది. ఆ ప్రాంతంలో కనీసం ఏడాదిగా నివాసం ఉన్నవాడినే ఆ ప్రాంతం లెక్కలో వేయాలి. ఎర్రిస్వామిది ఆలూరు పక్క పల్లె. చీటీలో బళ్లారి పడింది. బళ్లారికి ఒకటి పెరిగింది, కర్నూలు జిల్లాకు ఒకటి తగ్గింది. ఇలాంటివాళ్లు పాతికమంది చేరితే, బళ్లారి గాలిలోనే ఏదో ఉందని పత్రికలో వార్త వస్తుంది. గనుల దుమ్ము ప్రశ్న మళ్లీ మొదటికి వచ్చింది చూశారా.

మన దేశంలో ఈ రిజిస్ట్రీల పని కొత్తదేం కాదు. భారత వైద్య పరిశోధన మండలి జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమాన్ని 1981 చివర్లో మొదలుపెట్టింది. 1982లో బెంగళూరు కిద్వాయి ఆసుపత్రిలో బెంగళూరు నగర రిజిస్ట్రీ పని ప్రారంభమైంది. మన దగ్గర కేసులు వాటంతటవి నడిచి రావు. రిజిస్ట్రీ మనుషులే సంచి భుజాన వేసుకుని ఆసుపత్రులకూ, ల్యాబులకూ, మరణాలు నమోదు చేసే ఆఫీసులకూ తిరిగి రాసుకొస్తారు. వాళ్ల పేర్లు ఏ పరిశోధన వ్యాసం మీదా ఉండవు. నా లెక్కలో పరిశోధన సగం వాళ్లదే.

వాళ్లు రాసుకొచ్చింది బాగుందా లేదా అని చూడటానికి ఫ్రాన్సులోని లియాన్‌లో ఉన్న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కొన్ని కొలతలు పెట్టింది. కేసుల్లో ఎన్నింటికి ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూసి నిర్ధారించారు? ఎన్ని కేవలం మరణ ధ్రువపత్రం మీదే తెలిశాయి? వయసు తెలియనివి ఎన్ని? రకం తేల్చకుండా ఉత్త క్యాన్సర్ అని రాసినవి ఎన్ని? చివరిదానికి ఒక సంకేతం కూడా ఉంది, 8000/3. ఏ కణానిదో తెలియని క్యాన్సర్ అని అర్థం. పెద్దవాళ్ల క్యాన్సర్‌ను ఊపిరితిత్తి, రొమ్ము, నోరు అని అవయవాన్ని బట్టి వర్గీకరించవచ్చు. పిల్లలవి అలా కుదరవు. అవి ఏ కణం నుంచి పుట్టాయన్నదే ముఖ్యం. అందుకే పిల్లల క్యాన్సర్‌లకు వేరే వర్గీకరణ చేశారు, 2005లో వచ్చిన మూడో కూర్పులో పన్నెండు పెద్ద వర్గాలు. "కడుపులో గడ్డ" అని రాసిన కాగితానికి ఆ పన్నెండింటిలో సరైన చోటు దొరకదు.

కొన్ని జబ్బులు మరో జబ్బు ముసుగు వేసుకొస్తాయి. మెడ మీద బిళ్లలు కట్టిన కుర్రాడిని చూడగానే మన ప్రాంతంలో డాక్టరుకు ముందు తోచేది క్షయ. తోచాలి కూడా, ఎందుకంటే ఇక్కడ అదే ఎక్కువ. బళ్లారిలో వెల్లెస్లీ క్షయ ఆసుపత్రి ఊరికే వెలవలేదు. నెలల తరబడి క్షయ మందులు మింగాక కూడా బిళ్లలు కరగకపోతే, అప్పుడు ముక్క తీస్తే హాడ్జ్‌కిన్ లింఫోమా అని తేలిందనుకోండి. రికార్డులోకి ఎక్కే తేదీ ముక్క పరీక్ష తేదీ. నియమం ప్రకారం అది సరైనదే. కానీ మొదటి బిళ్ల ఎప్పుడు కనబడిందో కూడా రాయకపోతే, మధ్యలో కరిగిపోయిన ఆరు నెలలు ఎవరికీ కనబడవు. ఆలస్యాన్ని తగ్గించడానికి ఏం చేయాలో పరిశోధించేవాడికి ఆ ఆలస్యమే కాగితం మీద లేదు.

మోకాలి దగ్గర నొప్పి ఇంకొకటి. పదిహేనేళ్ల కుర్రాడు కబడ్డీలో పడ్డాడనుకుంటారు, నూనె రాసి తోముతారు, పుత్తూరు కట్టు కట్టించుకొస్తారు. ఎముక విరిగితే ఆ కట్టు ఎందరికో నయం చేసిందన్న నమ్మకం మన వాళ్లకు గట్టిగా ఉంది, దాని జోలికి నేను పోను. కానీ ఆ వయసులో ఎముక క్యాన్సర్ ఎక్కువగా వచ్చే చోటు ఆ మోకాలి చుట్టుపక్కలే. దెబ్బ తగలకుండానో, తగిలి వారాలు గడిచినా తగ్గకుండానో వాపు పెరుగుతుంటే ముందు ఎక్స్‌రే తీయించండి, తర్వాతే ఏ కట్టయినా.

ఈ పదిహేనేళ్లవాళ్ల గురించి ఒక మాట. పిల్లల వార్డు వీళ్లు పెద్దవాళ్లంటుంది, పెద్దల వార్డు పిల్లలంటుంది. పుస్తకాల్లోనూ అంతే. ఒక నివేదిక పధ్నాలుగు దగ్గర గీత గీస్తుంది, ఇంకొకటి పంతొమ్మిది దగ్గర. యువత అంటే పదిహేను నుంచి ముప్పై తొమ్మిది అని మరో లెక్క. రెండు నివేదికలు పక్కపక్కన పెట్టి పోల్చబోతే సరిపోల్చే వీలే ఉండదు. ముక్క పరీక్షలో వచ్చే ఫలితాన్ని ఎవరు చూసినా ఒకేలా రాయాలన్నట్టే, వయసు గీతలూ ఒకేలా గీయాలి.

నిజాయితీగా రాసిన లెక్క ఏం చేయగలదో చెప్పాలంటే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోక తప్పదు. లెడర్లీ కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఇచ్చాడు. 1948 జూన్‌లో ఆ ఫలితం అచ్చయింది. పదహారు మంది పిల్లలు, పది మందిలో మెరుగు. ప్రపంచమంతా ఆ పదినే గుర్తుపెట్టుకుంది. నాకు నచ్చేది వేరే. ఆ వ్యాసం పేరులోనే ఫార్బర్ తాత్కాలిక ఉపశమనం అని రాసుకున్నాడు. కొందరు పిల్లల చరిత్రను రక్తకణాల లెక్కతో సహా వివరంగా ఇచ్చాడు. మందు వల్ల నోరు పూయడం వంటి బాధలు దాచలేదు. మెరుగు కనబడని ఆరుగురినీ లెక్కలోంచి తీసేయలేదు. అంతవరకూ ఏ మందుకూ లొంగని జబ్బుకు మొదటిసారి మందు పనిచేసిందని పదహారు మంది లెక్కతో లోకాన్ని నమ్మించగలిగాడంటే అది ఆ రాతలోని నిజాయితీ బలం. సుబ్బారావు గారు అదే ఏడు ఆగస్టులో పోయారు.

ఫార్బర్ ఆ ఆరుగురిని లెక్కలోంచి జారనివ్వలేదు. మన లెక్కలోంచి పిల్లలు జారిపోవడమే నేడు మన పెద్ద సమస్య. చికిత్స మొదలుపెట్టిన పది మంది పిల్లలున్నారనుకోండి. ఐదేళ్ల తర్వాత చూస్తే ఐదుగురు బతికి ఉన్నారు, ఇద్దరు పోయారు, ముగ్గురి జాడ లేదు. ఇప్పుడు ఎంతమంది బతికినట్టు? జాడ లేనివాళ్లు బతికే ఉన్నారనుకుంటే నూటికి ఎనభై. పోయారనుకుంటే యాభై. వాళ్లను వదిలేసి తెలిసిన ఏడుగురిలో లెక్కేస్తే డెబ్భై ఒకటి. ఒకే ఆసుపత్రి, అవే పది మంది, మూడు ఫలితాలు! ధనిక దేశాల్లో నూటికి ఎనభై మందికి పైగా పిల్లలు నయమవుతున్నారనీ, పేద దేశాల్లో ముప్పై లోపే అనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం అరవైకి చేర్చాలని 2018లో లక్ష్యం పెట్టుకుంది. ఆ అరవైకి మనం చేరామో లేదో తేలేది ఆ ముగ్గురు దొరికితేనే.

దొరకరు, ఎందుకంటే ఫోను నంబరు మేనమామది, ఆయన సిమ్ మార్చాడు. ఇంట్లోవాళ్లు బెంగళూరుకు కట్టడం పనికి పోయారు. పైగా జాడ లేకుండా పోయేవాళ్లు ఎవరు? దూరంవాళ్లు, చేతిలో డబ్బు ఆడనివాళ్లు, ఇంట్లో ఇంకో చంటిబిడ్డ ఉన్నవాళ్లు. అంటే లెక్కలోంచి జారిపోయేవాళ్లు ఎవరో కొందరు కారు, ఎప్పుడూ ఆ తరహావాళ్లే. చికిత్స మధ్యలో వరుసగా నాలుగు వారాలు రాకపోతే చికిత్స మానేసినట్టు విడిగా రాయాలని పిల్లల క్యాన్సర్ వైద్యుల అంతర్జాతీయ సంఘం చెప్పింది. రాలేదు అని రాసి ఫైలు మూసేయడానికీ, నాలుగు వారాలు దాటింది, ఫోను చేయాలి అని రాయడానికీ మధ్య ఒక పిల్లాడి ప్రాణం ఉండవచ్చు.

ఆడపిల్లల విషయం కూడా ఇందులోదే. పిల్లల క్యాన్సర్ ప్రపంచంలో మగపిల్లల్లో కాస్త ఎక్కువ, అది జబ్బు లక్షణం. కానీ మన దేశంలో చాలా ఆసుపత్రుల రిజిస్టర్లలో ఆ తేడా ఆ కాస్త కంటే చాలా ఎక్కువగా కనబడుతుంది. ఉత్తరాదిన మరీనూ. ఆ అమ్మాయిలకు జబ్బు రాలేదని కాదు, ఆసుపత్రి దాకా రాలేదు. "రేపు పెళ్లి చేయాల, పేరు బయటికి పొక్కితే ఎట్ల?" అనే తల్లులున్నారు. కర్ణాటకలో క్యాన్సర్ కేసును ఆసుపత్రులు ప్రభుత్వానికి తెలియజేయాలి, కానీ రిజిస్ట్రీలో పడిన పేరు పరిశోధకులు అచ్చువేసే ఏ కాగితంలోనూ కనబడదు. ఆ సంగతి ఆ తల్లికి కౌంటరు దగ్గరే చెప్పాలి. చెబితే నిజం పేరు, నిజం ఊరు చెబుతుంది. భయపడితే పక్క ఊరి పేరు చెబుతుంది.

డబ్బు లేని ఆసుపత్రులు ఇవన్నీ చేయగలవా అంటారా? 2014లో టొరంటోలో పిల్లల క్యాన్సర్ నిపుణులు కూర్చుని జబ్బు ఏ దశలో ఉందో రాయడానికి రెండు అంచెల పద్ధతి ఒప్పుకున్నారు. యంత్రాలు, పరీక్షలు తక్కువున్న చోట రాయాల్సింది మొదటి అంచె. ల్యుకేమియాకైతే వెన్నునీటిలో క్యాన్సర్ కణాలున్నాయా, లేవా? మూత్రపిండపు గడ్డకైతే ఉన్నచోటే ఉందా, వేరే చోటికి పాకిందా? అంతే. పూర్తిగా రాయలేమని అసలే రాయకపోవడం కంటే, ఆ ఒక్క ముక్క అందరూ ఒకేలా రాయడం వెయ్యి రెట్లు మేలు. ఇరవై ఫైళ్లకు ఒకటి చొప్పున తీసి, మొదట రాసినవాడి రాత చూడకుండా ఇంకొకడితో మళ్లీ రాయించి, రెండూ సరిపోయాయా అని చూస్తే తప్పులు ఎక్కడ పుడుతున్నాయో నెల తిరక్కుండా తెలిసిపోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు, ఒక మనిషి మధ్యాహ్నం చాలు.

నయమైన పిల్లల తల్లిదండ్రులు ఈ ప్రసంగం వింటుంటే వాళ్లకు విడిగా ఒక మాట. వార్డులో ఎర్ర మందు అంటారే, డాక్సోరూబిసిన్ వంటివి, అవి మొత్తం ఎంత ఎక్కాయన్నదాన్ని బట్టి పది, ఇరవై ఏళ్ల తర్వాత కూడా గుండెకు ఇబ్బంది రావచ్చు. అప్పటికి మీ అమ్మాయికి పెళ్లయి కడుపుతో ఉంటుంది, కాన్పు చేసే డాక్టరు ఆ లెక్క అడుగుతుంది. వార్డులో చేర్చుకున్న రోగి రికార్డు మూడేళ్లు దాచాలన్నది 2002 నాటి వైద్య మండలి నియమం. ఆ తర్వాత ఏ ఆసుపత్రి ఎంతకాలం దాస్తుందో దాని ఓపిక. కాబట్టి డిశ్చార్జి రోజునే అడిగి రాయించుకోండి: జబ్బు పూర్తి పేరు, ముక్క పరీక్ష తేదీ, ల్యాబువాళ్లు వేసిన నంబరు, ఒక్కో మందు మొత్తం ఎంత ఇచ్చారు, కరెంటు (రేడియేషన్) పెట్టారా, పెడితే ఎక్కడ. రెండు జిరాక్సులు తీసి ఒకటి ఊళ్లో, ఒకటి పట్నంలో బంధువుల దగ్గర పెట్టండి. ఆసుపత్రి నుంచి "బాబు ఎట్లున్నాడు, ఏ తరగతి?" అని ఫోను వస్తే విసుక్కోకుండా చెప్పండి. నంబరు మారితే మీరే ఫోను చేసి కొత్తది రాయించండి. వచ్చేటప్పుడు బడి సర్టిఫికెట్టు తెచ్చుకుని, వయసు అడిగితే పుట్టిన తేదీ చెప్పండి.